పర్లాకిమిడి పుస్తకాల గది డైరీ: ఏడుగురం నలుగురమయ్యాక

జూన్ 16, 2024, ఆదివారం

మా ఒడిశా వైపు జరుపుకునే రజ పండగ ఆఖరి రోజు. ఊళ్ళో ఆడపిల్లలంతా ఊయలలెక్కి ఊగుతుంటే మా ఊయల ఖాళీగా పడుంది. మా ఊయలంటే పుస్తకాన్ని పడుకోబెట్టే చెక్క. రెండు ప్లైవుడ్ పలకలు నూరు డిగ్రీల కోణంలో బిగించి వడ్రంగి చేత చేయించాం. పాత పుస్తకాన్ని బల్ల మీద బార్లా తెరిస్తే వెన్ను పుటుక్కున విరుగుతుంది. ఊయలలో అయితే సగమే తెరుచుకుంటుంది. పైనుంచి అదే కోణంలో అతికించిన రెండు గాజు పలకలు దించితే పేజీలు చదునవుతాయి. అటొకటి ఇటొకటి పాత ఫోన్లు. ఎడమ ఫోను కుడి పేజీని, కుడి ఫోను ఎడమ పేజీని తీస్తాయి. గాజు ఎత్తు, పేజీ తిప్పు, గాజు దించు, నొక్కు. పనంతా ఇంతే. ఇలా పదకొండు వేల ఆరు వందల పేజీలు తియ్యాలి.

ఈ రోజు నేనొక్కణ్ణే వచ్చాను. తాళం తీసి, ఫ్యాను వేసి, గంటసేపు కూర్చుని, తాళం వేశాను.

కొత్తగా చదివేవాళ్ళ కోసం వెనక కథ క్లుప్తంగా. మా వీధి చివర ఒక పాత పఠనమందిరం ఉంది. తెలుగు పుస్తకాలు నాలుగు బీరువాలు. 2018 అక్టోబరులో తిత్లీ తుపానుకి పెంకులు లేచిపోయి కింది అరలన్నీ తడిశాయి. అప్పటినుంచి బూజు ఒకపక్క, రామబాణం పురుగు ఒకపక్క. ఈ జనవరిలో ఏడుగురం కూడి, మిగిలినవాటిని ఫొటోలు తీసి తెలుగు వికీసోర్సులో (ఎవరైనా ఉచితంగా చదువుకునే ఆన్‌లైన్ గ్రంథాలయం) పెడదామనుకున్నాం. మన చట్టంలో రచయిత పోయాక అరవై ఏళ్ళదాకా హక్కులుంటాయి గనక 1963 డిసెంబరు లోపు కాలం చేసినవాళ్ళవే ఏరాం. 64 పుస్తకాలు తేలాయి. ఆదివారానికి మూడు వందల పేజీల లెక్కన దసరాకి ముగించేస్తామని నేనే బోర్డు మీద రాశాను.

ఇప్పటికి పనికొచ్చేవి 18. ఏడుగురిలో మిగిలింది నలుగురం: నేను (జిరాక్సు షాపు), నది దాటి పాతపట్నంలో తెలుగు పాఠాలు చెప్పే అప్ప, రైల్వేలో రిటైరైన మావయ్య, గుణుపురం నుంచి ప్యాసింజర్లో వచ్చే డిప్లొమా కుర్రాడు. (మా వైపు అక్కని అప్ప అంటాం. ఒడియావాళ్ళు అపా అంటారు. ఏ పిలుపు ఎటునుంచి ఎటు వచ్చిందో గానీ మా ఊళ్ళో ఎవరూ తగవు పడరు.)

జూన్ 23

ఉపన్యాసం ఇచ్చాను. సిగ్గుగానే ఉంది గానీ రాసుకోవాలి.

రాత్రంతా ఆలోచించి తయారుచేసుకున్న ఉపన్యాసం. గిడుగు రామమూర్తి గారు ఈ ఊరి రాజావారి స్కూల్లో పాఠాలు చెప్పుకుంటూనే సవర గిరిజనులతో కూర్చుని వాళ్ళ భాష నేర్చుకున్నారు, నిఘంటువులు కట్టారు, జీతం కోసమా పేరు కోసమా? 1936లో ఒరిస్సా ఏర్పడి పర్లాకిమిడి అందులో కలిసిపోయినప్పుడు, డెబ్బై దాటిన వయసులో ఇల్లు విడిచి రాజమండ్రి వెళ్ళిపోయారు, ఆయన తిరిగిన వీధుల్లో మన పుస్తకాలు బూజు పట్టిపోతుంటే... ఇలా పావుగంట. గొంతు కూడా ఒకటి రెండుసార్లు వణికించాను.

మావయ్య కిటికీలోంచి బయటికి చూస్తున్నారు. కుర్రాడు ఫోను ఛార్జరు తీగ చుట్టుకుంటున్నాడు. అప్ప అంతా విని, నెమ్మదిగా అంది:

"తమ్ముడూ, గిడుగు వారి బల్ల ఎంత ఎత్తుండేదో నీకేటైనా తెలుసేటి?"

నాకు అర్థం కాలేదు.

"నాకు నడుం పట్టీసింది. ఆదివారం ఇక్కడ మూడు గంటలు వంగితే బుధవారందాకా బళ్ళో కుర్చీలోంచి లెగలేకపోతన్నాను. నాలుగు నెల్ల నుంచి. నువ్వు అడగలేదు, నాను సెప్పలేదు."

టేపు పెట్టి కొలిచాం. బల్ల 30 అంగుళాలు. దాని మీద ఊయల అడుగు భాగం ఇంకో రెండంగుళాలు. పేజీ తిప్పేవాళ్ళు నిలబడే తిప్పాలి, లేకపోతే గాజు ఎత్తడానికి చెయ్యి అందదు. అంటే రెండు పేజీలకొక తిప్పుడు, ప్రతి తిప్పుడుకీ ఒక వంగుడు. ఒక ఆదివారానికి నూట యాభై వంగుళ్ళు. నేను నాలుగు నెలలుగా స్టూలు మీద కూర్చునే మనిషిని. నాకెలా తెలుస్తుంది?

పెరట్లో ఇటుకలున్నాయి. ఒక్కో కాలికింద రెండేసి పరిచాం. ఆరంగుళాలు లేచింది. అప్ప ఒక పేజీ తిప్పి చూసి, ఇంకోటి తిప్పి, ఏమీ అనకుండా మూడోది తిప్పింది. ఆ రోజు 260 పేజీలయ్యాయి.

ఉపన్యాసం కాగితం షాపులో చిత్తు కింద వాడేశాను, వెనక వైపు ఖాళీయే కదా.

జూన్ 30

340 పేజీలు. జనవరి నుంచి ఇదే ఎక్కువ. కరెంటు రెండుసార్లు పోయింది. మావయ్య మూరీలు, వేయించిన పల్లీలు తెచ్చారు. నూనె చేతులతో పుస్తకం ముట్టుకోకూడదని అప్ప అందరికీ చెంచాలిచ్చింది.

జూలై 7

రథయాత్ర. ఊరంతా వీధిలోనే ఉంది. గది తెరవలేదు. రాత్రి షాపులో కూర్చుని, రెండు నెలలుగా తప్పించుకుంటున్న పని మొదలుపెట్టాను.

మే 12న ఏం జరిగిందో ఈ డైరీలో ఒక్క ముక్కలో రాసి వదిలేశాను: "ఐదు పుస్తకాలు మసక. మళ్ళీ తియ్యాలి." అంతే. జరిగింది అంత చిన్నది కాదు. ఏప్రిల్, మే నెలల్లో తీసిన ఐదు పుస్తకాలు, 940 పేజీలు, ఓసీఆర్‌కి (ఫొటోలోని అచ్చుని టైపు అక్షరాలుగా మార్చే ప్రోగ్రాం) పెడితే అక్షరం ముక్క రాలేదు. కంప్యూటర్లో పెద్దది చేసి చూస్తే అన్నీ పొగమంచులో ఉన్నట్టున్నాయి. గోడ మీద నేను అంటించిన చార్టులో "మిగిలినవి 7,650" అని ఎర్ర సిరాతో ఉండేది. దాన్ని కొట్టేసి 8,590 అని రాశాను. పని చేస్తున్నకొద్దీ అంకె పెరగడం అందరూ చూశారు. ఆ వారమే ఇద్దరు గ్రూపులోంచి వెళ్ళిపోయారు, తర్వాత ఇంకొకరు.

ఆ రెండు నెలలూ ఫోన్లు నొక్కింది గుణుపురం కుర్రాడు. ఎవరూ పైకేమీ అనలేదు. ఎవరూ అననక్కర్లేకపోయింది. అతనూ ఏమీ అనలేదు. అప్పటినుంచి అతన్ని మేం ఫోన్ల దగ్గర కూర్చోబెట్టలేదు, దుమ్ము దులిపే బ్రష్షు చేతికిచ్చాం.

ఈ రాత్రి ఆ ఫొటోల్లో ఒకదాన్ని నూరు శాతం సైజులో పెట్టి మూల మూలా చూశాను. అక్షరాలు మసక. కాగితం మీది రామబాణం తొలిచిన కన్నాలు మసక. కానీ పేజీకి నడిమధ్యన ఒక వేలిముద్ర! గీతలన్నీ లెక్కపెట్టుకోవచ్చు, అంత స్పష్టంగా ఉంది. కాగితం మీద కాదు, పేజీకి ఆనకుండా బాగా పైనే ఆగిపోయిన గాజు మీద. అంటే ఫోను గాజుని ఫోకస్ చేసి, దాని కిందున్న పుస్తకాన్ని వదిలేసింది. తర్వాతి ఫొటోలోనూ అదే. 940 ఫొటోల్లోనూ దుమ్ము నలుసులు మాత్రం నక్షత్రాల్లా మెరుస్తున్నాయి.

ఫోకస్ దానంతటదే మారుతుంటే ఒకటి కాకపోతే ఒకటైనా బాగా వచ్చేది. అన్నీ ఒకే తప్పుతో వచ్చాయంటే ఎవరో లాక్ చేశారు. వాట్సాప్ గ్రూపు వెనక్కి తిప్పుకుంటూ పోయాను. ఉగాదికి రెండ్రోజుల ముందు, ఏప్రిల్ 7 ఉదయం, కొత్త గాజు బిగించిన రోజు. నా మెసేజే.

"రెండు ఫోన్లలోనూ ఫోకస్ లాక్ చేశాను. ఎవరూ ముట్టుకోవద్దు."

కుర్రాడు ముట్టుకోలేదు. చెప్పినమాట విన్నాడు.

జూలై 14

చెప్పేశాను. ఎలా చెప్పాలో కూడబలుక్కుంటే మళ్ళీ ఉపన్యాసమవుతుందని, ఫొటో తెరిచి వేలిముద్ర చూపించి, తర్వాత మెసేజి చూపించాను. కుర్రాడి వైపు తిరిగి, "తప్పు నాది. నిన్ను అక్కణ్ణుంచి లేపిందీ నేనే" అన్నాను.

ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు. అప్పే అడిగింది, "ఎప్పుడు తెలిసింది?"

"వారమైంది."

"అనుమానం?"

ఇది అడుగుతుందనుకోలేదు. మే నుంచి ఉందన్నాను. లాక్ చేసిన సంగతి మర్చిపోలేదు, చూస్తే ఏం బయటపడుతుందోనని చూడలేదు. అబద్ధం చెప్పి ఉంటే ఆ ఆదివారం ఇంకాస్త సుఖంగా గడిచేది.

కుర్రాడు కాసేపటికి, "నా డిస్‌ప్లే పగిలిపోయిందండి, ఫొటోలు అందులో బాగానే కనిపించాయి. నా ఫోను వల్లేనేమో అనుకున్నాను ఇన్నాళ్ళూ" అన్నాడు. రెండు నెలలు వాడు అలా అనుకుంటూ, యాభై కిలోమీటర్లు రైల్లో వచ్చి, బ్రష్షుతో దుమ్ము దులిపి వెళ్ళాడు. నేనైతే రాను.

ఈ రోజు 90 పేజీలే. మధ్యాహ్నం తొందరగా మూసేశాం. పని నియమం మాత్రం మార్చాం: ప్రతి పుస్తకానికీ ముందు గాజు తుడవాలి. ఫోకస్‌ని గాజు మీద కాకుండా అచ్చు మీద వేలుపెట్టి కుదర్చాలి. ఇరవై తిప్పుళ్ళకొకసారి ఒక ఫొటోని కంప్యూటర్లో తెరిచి, పేజీ అడుగున మూలనున్న అంకె చదవాలి. మూల చదవగలిగితే మధ్య ఎలాగూ బాగుంటుంది. ఇంత చిన్న పరీక్ష జనవరిలో ఎందుకు పెట్టుకోలేదంటే, వేగం కావాలని. చార్టు నాదే కదా.

జూలై 21

చార్టు మావయ్య పీకేశారు. నన్నడగలేదు.

మావయ్యది నౌపడ లైను. పర్లాకిమిడి రాజావారు వేయించిన చిన్న బండి, 1900లో మొదలై, 1931 నాటికి గుణుపురం చేరింది. ఆ బండినీ, తర్వాత పెద్ద పట్టాలు వేయడాన్నీ మావయ్య కళ్ళారా చూశారు. 2004లో చిన్న బండి ఆపేశారు. గుణుపురం దాకా బ్రాడ్‌గేజి బండి వచ్చేసరికి 2011. మధ్యలో ఏళ్ళకేళ్ళు, "ఇంకేటి వస్తాది, పోయింది పోయిందే" అని ఊళ్ళో అందరూ అనేవారట. 

"పట్టాలు పరిచిన గేంగుమేన్లు మట్టుకు అనలేదురా. ఎందుకంటావ్? పొద్దుగూకి ఎనక్కి తిరిగి చూస్తే ఆ రోజు పరిచింది కనిపిస్తాది. నువ్వేమో గోడ మీద ఎప్పుడూ ముందున్నది రాస్తావు. ఎనకున్నది ఎక్కడా నేదు. అంతా నీ కంపూటర్లో ఉంది."

నిజమే. ఫొటో తీశాక పుస్తకం మళ్ళీ అదే బీరువాలో అదే అరలోకి పోయేది. తీసినదీ తియ్యనిదీ ఒకేలా కనిపిస్తాయి. సాయంత్రం ఇంటికెళ్ళేటప్పుడు గది ఉదయం ఎలా ఉందో అలాగే ఉంటుంది.

కిటికీ పక్క బీరువా ఒకటి ఖాళీ చేశాం. అయిపోయిన పుస్తకాన్ని బ్రష్షుతో దులిపి, అట్ట ఊడినదైతే తెల్ల నాడాతో కట్టి, అందులో నిలబెట్టడం. ఇప్పటిదాకా అయినవన్నీ అక్కడ చేర్చేసరికి ఒక అర నిండి, రెండోదానిలో నాలుగు. పెద్ద సంగతేమీ కాదు. కానీ వెళ్ళేటప్పుడు నలుగురం గుమ్మం దగ్గర ఆగి చూశాం.

జూలై 28

మసక పుస్తకాల్లో రెండింటిని ఈ వారం రాత్రిళ్ళు నేనొక్కణ్ణే తీశాను. ప్రాయశ్చిత్తం అనుకున్నాను. గాజు ఎత్తి, పేజీ తిప్పి, దించి, రెండు ఫోన్లూ నొక్కి... ఒక్కడికి మూడింతల సమయం పట్టింది. రెండో పుస్తకంలో ఒక పేజీ అంచు చిరిగింది. ఆ కాగితం ఇప్పుడు అప్పడం. అప్ప చూసి తిట్టింది: "నీ తప్పు దిద్దుకోడానికి పుస్తకాన్ని సంపకు." మిగతా మూడూ అందరం కలిసి తీస్తాం.

ఈ రోజు అసలు సంగతి వేరే. కుర్రాడు మళ్ళీ ఫోన్ల దగ్గర కూర్చున్నాడు. విరామంలో వచ్చి, "బాబాయ్, నాకు ఈ అక్షరాలు రావు" అన్నాడు.

ఏడు నెలలు! ఇంట్లో తెలుగే, అమ్మతో తెలుగే, నాన్న పాడుకునేది తెలుగే. బడి ఒడియా. మా వైపు ఇలాంటివాళ్ళు ఇంటికొకరుంటారు, నాకు తెలియనిదేం కాదు. అయినా ఇతను నెలల తరబడి తను చదవలేని పేజీలను ఫొటోలు తీస్తున్నాడని నాకు తట్టలేదు. మూలనున్న అంకె చదవమని నియమం పెట్టాం, ఒకటి రెండు పుస్తకాల్లో పేజీ నంబర్లు తెలుగంకెల్లో ఉన్నాయి, అందుకే ఇప్పుడు చెప్పాల్సొచ్చింది.

"మరి మొన్న మొన్నటిదాకా ఎందుకొచ్చేవాడివిరా?" అని మావయ్య అడిగితే, "పుస్తకాలు పాడైపోతన్నాయి కదండి" అన్నాడు. నా పావుగంట ఉపన్యాసం మళ్ళీ గుర్తొచ్చింది.

ప్రతి ఆదివారం ఇరవై నిమిషాలు అప్ప పాఠం. పలక లేదు, ఆ రోజు ఊయలలో ఉన్న పేజీయే పాఠం. మొదటి గొడవ సున్నతో. ఒడియాలో ఠ అక్షరం గుండ్రంగా, అచ్చం మన సున్నలా ఉంటుంది. "రంగం" అన్న మాటని కూడబలుక్కుని "రఠగఠ" అని చదివాడు. అప్ప కూడా పగలబడి నవ్వింది. అప్ప నవ్వి చాలా రోజులైంది.

ఆగస్టు 4

వాన. 310 పేజీలు.

ఆగస్టు 18

మసక పుస్తకాలు ఐదూ అయిపోయాయి. బీరువాలో వాటి నాడాలు ఎర్రవి కట్టింది అప్ప. ఎందుకని అడగలేదు.

వికీసోర్సు పని కూడా మొదలైంది. ఇందులో నాకు నచ్చిన చిత్రం ఒకటుంది. ఓసీఆర్ చేసి ఎక్కించిన పేజీ ఎర్రగా ఉంటుంది. ఒకరు మూలంతో పోల్చి అచ్చుదిద్దితే పసుపవుతుంది. దాన్ని పచ్చగా మార్చడానికి మాత్రం వేరే మనిషి ఉండాలి. దిద్దినవాళ్ళే ఆమోదించడానికి కుదరదు. ఫోకస్ లాక్ చేసే ముందు నాకూ ఇలాంటి అడ్డుకట్ట ఒకటుంటే ఎంత బాగుండేది.

దిద్దడం తిన్నగా సాగే పని కాదు. మన పాత అచ్చుని చూస్తే ఓసీఆర్ తికమకపడుతుంది. "ధర్మము"లో ర్ ని పూర్వం పక్కన గిలకలా వేసేవారు, వలపలగిలక. ఓసీఆర్ దాన్ని ౯ అంకె అనుకుంటుంది. ధర్మం ఉన్నచోటల్లా తొమ్మిది! అరసున్నలు కొన్నిచోట్ల మాయం, బండి ఱ మామూలు ర గానో ఇంకేదోగానో మారుతుంది. ప కి వ, మ కి ము. ఒక్కో పేజీకి పది నిమిషాలు పడుతోంది.

ఇందుకు రాయగడ వెళ్ళిపోయిన నర్సమ్మని అడిగాను. మే నెలలో గ్రూపులోంచి వెళ్ళిన ముగ్గురిలో ఆవిడొకరు. తిరిగి రమ్మనలేదు, రాత్రి డ్యూటీలో ఖాళీ ఉంటే ఫోనులో రోజుకో పేజీ దిద్దగలరా అని మాత్రమే. ముందు వేలిముద్ర ఫొటో పంపి జరిగింది చెప్పాను. "రెండు దిద్దుతాను" అని జవాబు. మిగతా ఇద్దరిలో ఒకరు జవాబివ్వలేదు. ఇంకొకరు నా బావమరిది. ఇంట్లో మాట్లాడుకుంటాం, దీని గురించి మాత్రం మాట్లాడుకోం.

ఆగస్టు 29

తెలుగు భాషా దినోత్సవం. పాతపట్నంలో సభకి రమ్మని పిలుపు. వెళ్దామనే చొక్కా ఇస్త్రీ చేయించాను. ఉదయం నుంచి కరెంటు పోలేదు. అలాంటి రోజు పోగొట్టుకోవడం ఇష్టంలేక గదికే పోయాను. మావయ్య అప్పటికే అక్కడున్నారు. ఇద్దరం 180 పేజీలు తీశాం.

సెప్టెంబరు 1, ఆదివారం

64లో 33. దసరాకి అవ్వదు. బోర్డు మీద నేను రాసిన "దసరా" తుడిచేశాను, దాని చోట ఏమీ రాయలేదు. అప్పకి ఈ నెలాఖరు దాకా పరీక్ష పేపర్లున్నాయి, నెలలో రెండు ఆదివారాలే వస్తానంది. సరే అన్నాను. ఇదివరకైతే ముఖం మాడ్చేవాణ్ణి.

కావలసినవి: కొత్త గాజు (పాతదానికి ఒక మూల గీత పడింది), రెండో ఫోనుకి బ్యాటరీ, మావయ్యకి మెత్తని చెప్పులు, గచ్చు చల్లగా ఉందట.

ఈ రోజు పుస్తకం సన్నని కాగితం, పేజీలు ఒకదానికొకటి అంటుకున్నాయి. అప్ప రాలేదు గనక నేనే తిప్పుతున్నాను. కుర్రాడు ఫోన్ల దగ్గర. నేను గాజు దించాను, వాడు నొక్కలేదు. తల పక్కకి వంచి, పెదాలు కదుపుతూ చూస్తున్నాడు. కింద మూలన అంకె. ఆ తర్వాత పై వరస. మళ్ళీ అంకె.

"బాబాయ్, ఆగండి. ఇందాకటిది నలభై ఆరు, నలభై ఏడు. ఇది యాభై."

గాజు ఎత్తాను.

"రెండు తిప్పీసేరు."

గోరుతో అంచు మెల్లగా విడదీశాను. మధ్యలో ౪౮, ౪౯.